ఘాటు వేరు, చిక్కదనం వేరు: ఫుల్ బాడీ సిగార్ లోపల ఏం జరుగుతుంది

సిగార్ డబ్బా మీద "ఫుల్ బాడీ" అని కనిపిస్తే చాలామంది దాన్ని "బాగా ఘాటు" అని అర్థం చేసుకుంటారు. నిజానికి ఆ మాట వెనక మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది ఘాటు, అంటే ఒంటికి ఎక్కే నికోటిన్. రెండోది చిక్కదనం, అంటే పొగ నోట్లో ఎంత నిండుగా, ఎంత బరువుగా తెలుస్తుందన్నది. బాడీ అని అసలు పిలిచేది దీన్నే. మూడోది రుచి: మిరియాలు, కాఫీ, కోకో, తోలు, తడిమట్టి లాంటి వాసనల్లో ఏది ఎంత గట్టిగా వస్తోందన్నది. ఈ మూడూ చాలా సిగార్లలో కలిసే పెరుగుతాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. విడివిడిగా కూడా ఉంటాయి. మెక్సికోలోని శాన్ ఆండ్రెస్ లోయలో పండిన నల్లటి ఆకు చుట్టిన సిగార్ పొగ చిక్కగా, కాస్త తియ్యగా ఉంటూనే ఘాటులో మధ్యస్తంగా ఆగిపోవచ్చు. లేత రంగు ఆకు చుట్టినదే లోపలి ఆకుల బలంతో చెమటలు పట్టించవచ్చు.

ఈ తరహా సిగార్ ఇచ్చే అనుభవాన్ని ప్రధానంగా రెండే నిర్ణయిస్తాయి. అందులో మొక్క పై భాగపు ఆకు ఎంత ఉందన్నది ఒకటి, దాన్ని ఎంత నిదానంగా కాలుస్తున్నారన్నది రెండోది. మొదటిది చుట్టేవాళ్ల చేతిలో ఉంది. రెండోది పూర్తిగా కాల్చేవాళ్ల చేతిలోనే ఉంది, ఎక్కువమంది చెడగొట్టుకునేదీ అదే.

ఆకు మొక్క మీద ఎక్కడుంది

పొగాకు మొక్కలో అడుగు ఆకులకు ఎండ తక్కువ తగులుతుంది. అవి పల్చగా ఉంటాయి, తేలిగ్గా అంటుకుంటాయి, ఘాటు తక్కువ. క్యూబాలో వీటిని వొలాడో అంటారు. నడిమి ఆకులు సెకో. సువాసన ఎక్కువగా ఇచ్చేవి ఇవే. పై ఆకులు లిహేరో. ఎండంతా వీటి మీదే పడుతుంది. మొక్కకు తల తుంచాక పువ్వుకు పోవాల్సిన బలం వీటికే చేరుతుంది. తల తుంచి పిలకలు తీసేస్తే ఆకు ఎలా దళసరెక్కి ఘాటెక్కుతుందో ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్ని మొక్కల చిట్టచివర మాత్రమే దొరికే రెండు చిన్న ఆకులను మెదియో తియెంపో అంటారు. 2010లో వచ్చిన కోహిబా బెహికే అనే క్యూబా సిగార్ల వరుసకు పేరు తెచ్చింది ఆ ఆకే.

ఫుల్ బాడీ సిగార్ అంటే ఆచరణలో లిహేరో పాళ్లు పెంచిన సిగార్. దాంతో ఒక చిక్కు వస్తుంది. లిహేరో దళసరి ఆకు, నూనె ఎక్కువ, నెమ్మదిగా కాలుతుంది. అందుకే చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడుమ పెట్టి, చుట్టూ సెకో, వొలాడో ఆకులను మడిచి పెడతారు. ఈ లోపలి కట్టను ఫిల్లర్ అంటారు. దాన్ని పట్టి ఉంచే గట్టి ఆకు బైండర్. ఈనె తీసి, సాపు చేసి అన్నిటికన్నా పైన చుట్టే అందమైన ఆకు ర్యాపర్. నడుమ ఉండాల్సిన లిహేరో ఒక పక్కకు జరిగితే ఆ పక్క కాలడం వెనకబడుతుంది. ముట్టించడంలో పొరపాటు అనుకునే లోపాల్లో చాలా వాటికి కారణం సిగార్ చుట్టే బల్ల దగ్గరే పడి ఉంటుంది.

నేల కూడా తేడా చూపిస్తుంది. నికరాగువాలోని ఎస్తెలీ లోయ నల్లనేలలో పండిన ఆకు బరువుగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. ఉత్తరాన హోండురాస్ సరిహద్దు పక్కనున్న హలాపా ఆకు మెత్తన, కాస్త తియ్యన. కొందేగా ఆ రెంటికీ మధ్య. నికరాగువా సరస్సులోని ఒమెతెపే ద్వీపం అగ్నిపర్వతాల నేల. ఒకే సిగార్లో ఎస్తెలీ లిహేరో, హలాపా సెకో కలిపితే ఘాటుకు తియ్యదనం తోడవుతుంది. క్యూబాలో ఆకుకు పేరున్నది వుయెల్తా అబాహో ప్రాంతం. అక్కడి ఆకుతో చుట్టే పార్టగాస్ సెరీ డి నెంబర్ 4, బోలివర్ రకాలు ఘాటు వైపు వాటికి పాత ఉదాహరణలు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి దుకాణంలో ఎక్కువగా కనిపించేవి నికరాగువా, డొమినికన్ సరుకే. 1962లో అమెరికా క్యూబా మీద విధించిన వాణిజ్య నిషేధం ఇందుకు మూలం. విప్లవం తర్వాత దేశం వదిలిన క్యూబా పొగాకు కుటుంబాలు తమ పనితనాన్ని మధ్య అమెరికాకు మోసుకెళ్లాయి. 1964లో మయామీలో మొదలైన పద్రోన్ సంస్థ 1970లో ఎస్తెలీకి వెళ్లింది. నేడు ఘాటైన సిగార్ అనగానే ఎస్తెలీ పేరు వినిపించడం అలా మొదలైంది.

మండెలో జరిగే పని

కోసిన ఆకును కొట్టంలో గాలికి వేలాడదీసి ఆరబెడతారు. తర్వాత తడి పట్టించి పెద్ద పెద్ద మండెలు, అంటే ఆకు కుప్పలు, వేస్తారు. తడి గడ్డివాము లోపల కాకెక్కినట్టే ఈ మండె లోపలా వేడి పుడుతుంది. ఆకును బట్టి 40 నుంచి 60 డిగ్రీల దాకా పోతుంది. అనుకున్న వేడి దాటకముందే మండె విప్పి, లోపలి ఆకు బయటికి, బయటిది లోపలికి వచ్చేలా మళ్లీ కడతారు. ఇలా ఎన్నోసార్లు చేస్తారు. ఈ పులియడంలో అమ్మోనియా బయటికి పోతుంది, నికోటిన్ కొంత తగ్గుతుంది, వగరు చస్తుంది. లిహేరోకు ఈ పని అన్నిటికన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ తర్వాత నిల్వతో కలిపి కనీసం రెండేళ్లు పట్టడం మామూలే. తొందరపడి చుట్టిన లిహేరో ముక్కును గుచ్చుతుంది, గొంతు గీరుతుంది. ఆ గుచ్చుడును బలం అనుకోవడం పొరపాటు. అది పని పూర్తికాని ఆకు.

నల్లని రంగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మదురో అనే నల్ల ర్యాపర్ ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం పులిసిన ఆకు. కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్, శాన్ ఆండ్రెస్ ఆకులు దీనికి వాడతారు. పులిసినకొద్దీ నికోటిన్ పెరగదు, తగ్గుతుంది. కాబట్టి రంగు చూసి ఘాటు అంచనా కట్టడం కుదరదు. ర్యాపర్ ప్రభావం సిగార్ లావును బట్టి మారుతుంది. లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. లాన్సెరో అనే 38 గేజ్ సన్నని సిగార్‌తో పోలిస్తే 60 గేజ్ సిగార్లో ఫిల్లర్ రెండున్నర రెట్లు పెరుగుతుంది, ర్యాపర్ మాత్రం ఒకటిన్నర రెట్లు దాటి కొంచెమే. సన్నని సిగార్లో పై ఆకు, లావు సిగార్లో లోపలి ఆకు మాట్లాడతాయి. ఒక మిశ్రమం ఎలా ఉందో తెలుసుకోవడానికి 50 గేజ్, 124 మిల్లీమీటర్ల రోబుస్టో సరైన కొలత. గంట అటూ ఇటూ నడుస్తుంది.

పొగ మింగకపోయినా నికోటిన్ ఎలా ఎక్కుతుంది

సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి లాగరు. నోట్లో నింపి వదులుతారు. అయినా సిగరెట్ కన్నా గట్టిగా తల తిరుగుతుంది. దీనికి జవాబు పొగ ఆమ్లమా క్షారమా అన్నదాంట్లో ఉంది. ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల బ్యారన్లలో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టాల్లో, పచ్చటి వర్జీనియా ఆకును వేడి గొట్టాల సెగకు కొన్ని రోజుల్లోనే ఆరబెడతారు. ఆ వేగానికి ఆకులోని చక్కెర అలాగే నిలిచిపోతుంది. చక్కెర కాలితే ఆమ్లాలు పుడతాయి. కాబట్టి సిగరెట్ పొగ ఆమ్లగుణంతో ఉంటుంది, అందులోని నికోటిన్ నోటి చర్మం గుండా సులువుగా పోలేదు, ఊపిరితిత్తుల దాకా లాగాల్సిందే. సిగార్ ఆకు వారాల తరబడి గాలికి ఆరి, నెలల తరబడి మండెలో పులుస్తుంది. చక్కెర దాదాపు మిగలదు. దాని పొగ క్షారగుణంతో ఉంటుంది. నికోటిన్ విడి రూపంలో ఉండి బుగ్గల లోపలి చర్మం గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది.

సిగరెట్‌లో పొగాకు గ్రాము కన్నా తక్కువ. పెద్ద సిగార్లో 5 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది. ఊపిరి లోపలికి లాగకపోవడం రక్షణ అనుకోకూడదు. నోరు, గొంతు, అన్నవాహిక, స్వరపేటిక క్యాన్సర్లకు సిగార్ కారణమని నిరూపణ అయింది, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. నోటి చర్మానికి పొగ ఏం చేస్తుందో మన ఉత్తరాంధ్ర తీరం చాలాకాలంగా చూస్తూనే ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ రావడం వైద్య పరిశోధనల్లో నమోదైన సంగతి. సిగార్ నిప్పు నోటికి బయటే ఉంటుంది, వేడి తక్కువే. పొగలోని పదార్థాలు మాత్రం అవే. ఎన్నిసార్లు కాలుస్తున్నారు, ఎంతసేపు పొగను నోట్లో ఉంచుతున్నారు అనేవాటిని బట్టి ముప్పు పెరుగుతుంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు.

నిల్వ, మన వాతావరణం

సిగార్ జీవమంతా తేమలో ఉంది. గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీలు అనేది అందరూ చెప్పే లెక్క. లిహేరో ఎక్కువున్న సిగార్లకు 65 దగ్గర ఉంచడమే మేలు. దళసరి ఆకు 70 శాతం తేమలో ఉబ్బి, దమ్ము బిగిసి, మాటిమాటికీ ఆరిపోతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ గదిలో బయట పెట్టిన సిగార్ కొద్ది రోజుల్లోనే ఎండి ర్యాపర్ పెళుసవుతుంది. విశాఖలో, కాకినాడలో వర్షాకాలంలో దీనికి తలకిందులు, బూజు పడుతుంది. రెండు చోట్లా తేమను అటూ ఇటూ సర్దే పొట్లం వేసిన గాలి చొరని డబ్బా చాలు. ఖరీదైన చెక్కపెట్టె అవసరం లేదు.

తేమ కొలిచే మీటరును నమ్మేముందు ఉప్పుతో సరిచూడాలి. సీసా మూత నిండా ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా చేసి, మీటరుతో సహా జిప్ కవర్లో మూసి ఒక రోజు ఉంచితే అది 75 శాతం చూపించాలి. 71 చూపిస్తే మీటరు నాలుగు తక్కువ చెబుతోందని అర్థం.

ఇక పురుగు. లాసియోడెర్మా అనే చిన్న గోధుమరంగు పెంకుపురుగు గుడ్లు ఆకులోనే ఉండిపోవచ్చు. వేడి 24 డిగ్రీలు దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే అవి పొదుగుతాయి. ర్యాపర్ మీద గుండుసూది రంధ్రాలు, డబ్బా అడుగున సన్నటి పొడి కనిపిస్తే అదే. మన ఊళ్ల వేడికి ఇది నిజమైన బెడద. గాలి చొరకుండా మూసిన సంచిలో మూడు రోజులు ఫ్రీజర్లో, ఒక రోజు కింది ఫ్రిజ్‌లో, ఆ తర్వాత బయట ఉంచాలి. ఫ్రీజర్ నుంచి నేరుగా బయటికి తెస్తే ర్యాపర్ పగులుతుంది.

కోత, నిప్పు, దమ్ము

ఖాళీ కడుపుతో ఈ రకం సిగార్ ముట్టించకూడదు. భోజనం చేసి అరగంటో గంటో అయ్యాక మొదలుపెట్టాలి. పక్కన నీళ్లుండాలి.

మన లంక పొగాకు చుట్టకు రెండు కొనలూ తెరిచే ఉంటాయి. సిగార్ తల మీద చిన్న ఆకు ముక్కతో టోపీ అతికించి ఉంటుంది. కోయాల్సింది దాన్నే, అదీ పైనుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లే. టోపీ కింది అంచు ఒక సన్నని గీతలా కనిపిస్తుంది. ఆ గీత దాటితే ర్యాపర్ విడిపోయి చివరిదాకా ఊడుతూనే ఉంటుంది. కోశాక ముట్టించకుండానే ఒకసారి లాగి చూడాలి. గాలి బొత్తిగా అడ్డు లేకుండా వస్తే సిగార్ వేడిగా కాలి చేదెక్కుతుంది. బుగ్గలు లోపలికి పోయేంత బిగుతుగా ఉంటే ముట్టించకముందే ఆపి, రెండు రోజులు తేమ పొట్లం లేని డబ్బాలో ఆరనివ్వాలి.

పెట్రోల్ లైటర్ వాసన ఆకుకు పడుతుంది, కాబట్టి బ్యూటేన్ లైటర్ గానీ పొడవాటి అగ్గిపుల్ల గానీ వాడాలి. అగ్గిపుల్లయితే మందు పూర్తిగా కాలిపోయేదాకా ఆగాలి. సిగార్ నోట్లో పెట్టుకోకుండానే కొనను మంటకు పైన, తగలకుండా పట్టుకుని తిప్పాలి. అంచంతా సన్నగా ఎర్రబడ్డాక నోట్లో పెట్టుకుని, తిప్పుతూ రెండు మూడు చిన్న దమ్ములు లాగాలి. తర్వాత కొన మీద మెల్లగా ఊదితే ఎక్కడ అంటుకోలేదో నల్లగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం మరోసారి సెగ చూపిస్తే చాలు.

తర్వాత నిమిషానికి ఒక దమ్ము. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. వేగం పెరిగితే నిప్పు వేడెక్కుతుంది, సువాసన ఇచ్చే నూనెలు కాలిపోతాయి, మిగిలేది చేదు. సిగార్ ఒంటిని వేళ్లతో తాకితే కాక తెలుస్తోందంటే రెండు నిమిషాలు ఆగాలి. నుసిని మాటిమాటికీ దులపకూడదు. రెండు మూడు సెంటీమీటర్ల నుసి నిప్పుకు అందే గాలిని తగ్గించి చల్లగా ఉంచుతుంది.

రుచి ఎక్కువగా తెలిసేది ముక్కుతో. నోట్లోని పొగలో ముప్పావు వంతు వదిలేసి, మిగిలిన కొద్దిపాటిని ఊపిరి లోపలికి పీల్చకుండా ముక్కు గుండా వదలాలి. ఎస్తెలీ లిహేరో మిరియాల మంట ఏమిటో అప్పుడే అర్థమవుతుంది. నోటితోనే వదిలేవాళ్లకు చిక్కదనం తెలుస్తుంది గానీ కోకో, ఎండు ఖర్జూరం, వేయించిన గింజల లాంటి తేడాలు తెలియవు. మొత్తం పొగను ముక్కుకు పంపితే మాత్రం కళ్లలో నీళ్లు తిరిగి, ఆ పూట రుచి గ్రహించే శక్తే పోతుంది.

చివరి మూడో వంతు ఎందుకు బలంగా ఉంటుంది

మొదట్లో పొగ చాలా పొడవైన ఆకు గుండా ప్రయాణించి వస్తుంది. దారిలో తారు, నికోటిన్, నీటి ఆవిరి కొంత ఆ ఆకులోనే ఆగిపోతాయి. నిప్పు వెనక్కి జరిగేకొద్దీ అలా పోగుపడినవన్నీ మళ్లీ ఆవిరై వస్తాయి. పైగా కాలేకొద్దీ పొగ మరింత క్షారంగా మారుతుంది. అంటే నికోటిన్ పాళ్లు పెరగడమే కాదు, నోట్లోంచి రక్తానికి చేరే వేగమూ పెరుగుతుంది. సగం దాకా హాయిగా కాల్చినవాళ్లు పావుగంటలో పాలిపోవడానికి ఇదే కారణం.

ముందుగా తెలిసే గుర్తులు ఎక్కిళ్లు, నోట్లో నీళ్లూరడం, నుదుటి మీద చల్లటి చెమట. వికారం, కళ్లు తిరగడం తర్వాత వస్తాయి. ఎక్కిళ్ల దగ్గరే ఆపేయాలి. నోటి చర్మం గుండా ఎక్కే నికోటిన్ ఆపాక కూడా కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి వెంటనే లేచి నడవకుండా గాలి తగిలేచోట కూర్చోవాలి. నీళ్లు, ఏదైనా తీపి తీసుకోవడం మామూలుగా చేసేదే. ఉమ్మి మింగడం వికారాన్ని పెంచుతుంది. గుండె దడ, వాంతులు తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. కాఫీ తోడుగా తాగే అలవాటుకు ఇంకో ఫలితం ఉంది: కాఫీ, కోలా లాంటి ఆమ్లగుణమున్న పానీయాలు నోటిని కాసేపు ఆమ్లంగా మార్చి నికోటిన్ ఎక్కడాన్ని కొంత తగ్గిస్తాయి. నికోటిన్ గమ్ నమిలే ముందు కాఫీ వద్దని చెప్పేది ఇందుకే.

ఆపాల్సిన చోటును అంగుళాలతో కొలవక్కర్లేదు. పొగ వేడిగా వచ్చి, రుచులన్నీ ఒకే చేదులో కలిసిపోయాయంటే అక్కడికి అయిపోయినట్టే. నలపకుండా పక్కన పెడితే దానంతటదే ఆరుతుంది. నలిపితే గదంతా కమురు వాసన.

కాలడంలో తేడాలు

ఒక పక్క మాత్రమే ముందుకు కాలిపోతుంటే మొదట ఏమీ చేయకుండా, వెనకబడిన పక్కను కిందికి తిప్పి పట్టుకోవాలి. నిప్పుకు గాలి కింది నుంచి అందుతుంది కాబట్టి చాలాసార్లు అదే సర్దుకుంటుంది. తేడా సెంటీమీటరు దాటితేనే వెనకబడిన అంచుకు లైటర్ చూపించాలి. ర్యాపర్ నిలిచి లోపల మాత్రం సొరంగంలా కాలిపోతుంటే, దమ్ముకూ దమ్ముకూ మధ్య విరామం మరీ ఎక్కువైందనో, ర్యాపర్ తడిగా ఉందనో అర్థం. నడిమధ్యలో దమ్ము మూసుకుపోతే లోపల ఈనె ముక్కో మెలిపడిన ఆకో ఉంటుంది. సన్నని ఇనుప పుల్లను నెమ్మదిగా దూర్చి తీస్తే కొన్నిసార్లు దారి వస్తుంది.

ఎన్ని సవరణలు చేసినా ఆరిపోయే సిగార్‌కు కారణం నేలలో ఉండవచ్చు. పొటాషియం ఉన్న ఆకు చక్కగా కాలుతుంది, క్లోరైడ్ ఎక్కువైన ఆకు నిప్పు నిలుపుకోదు. మన పొగాకు రైతులకు క్లోరైడ్ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి అని రాజమహేంద్రవరం పొగాకు పరిశోధన సంస్థ చెబుతూ వచ్చింది ఇందుకే. ఉప్పు నీటి బావి కింద పండిన ఆకుకు ధర పడిపోయేదీ ఇందుకే.

మామూలుగా ఆరిపోయిన సిగార్‌ను గంటలోపు మళ్లీ ముట్టించవచ్చు. నుసి దులిపి, ముందుగా సిగార్ లోంచి బయటికి మెల్లగా ఊది లోపల నిలిచిన పొగను తోసేసి, అప్పుడు సెగ చూపించాలి. మర్నాటికి దాచుకోవడం దండగ, తారు చల్లారి ఆకంతా పట్టేసి ఉంటుంది.

కొత్త డబ్బాలో మొదటి సిగారే ముక్కును అమ్మోనియాలా గుచ్చితే మిగతావి కాల్చకుండా 65 శాతం తేమలో నాలుగు నుంచి ఆరు నెలలు పక్కన పెట్టాలి. ఆ వాసన చాలావరకు పోతుంది. అప్పటికీ గొంతు గీరుతూ వగరుగానే ఉంటే ఆ ఆకు మండెలో సరిగా పులియలేదన్నమాట. దాన్ని ఇంట్లో ఎన్నేళ్లు ఉంచినా సరిచేయడం కుదరదు.